పాత సైకిలుకు మోటారు: పదిహేను వేలు ఎక్కడ పెట్టాలి?

చేతిలో పదిహేను వేలు పెట్టుకుని పాత సైకిలుకు మోటారు పెట్టించుకుందామనుకునేవాళ్లు దుకాణంలో మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. ఖర్చు చెయ్యి దాటేది సరిగ్గా అక్కడే. కాస్త పెద్ద మోటారుకు, చిన్న మోటారుకు ధరలో తేడా తక్కువే, డబ్బు తినేది బ్యాటరీ. దాని సైజు తేలాలంటే అడగాల్సినవి వేరు. రోజూ ఎంత దూరం? ఏ దిక్కుకు? ఏ వేళప్పుడు?

దిక్కు అంటే మన కోస్తాలో వేళాకోళం కాదు. మనిషి, సైకిలు, సామాను కలిపి వంద కిలోలనుకుందాం. గాలి లేనప్పుడు చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లతో పోవాలంటే చక్రం దగ్గర దాదాపు 115 వాట్లు కావాలి. మోటారులో, దానికి కరెంటును అదుపు చేసే కంట్రోలర్‌లో వేడిగా పోయేది కూడా కలిపితే బ్యాటరీ ఇవ్వాల్సింది 155. అంటే కిలోమీటరుకు ఇంచుమించు 8 వాట్-అవర్లు (ఒక వాటు గంటసేపు ఖర్చయితే ఒక వాట్-అవర్, బ్యాటరీ సైజు చెప్పేది దీనితోనే). అదే రోడ్డులో గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే కిలోమీటరుకు 16 అవుతుంది. అసలు తొక్కకపోతే లెక్క ఇది.

ఒంగోలు నుంచి తూర్పున సముద్రం ఒడ్డుకు పోయే కొత్తపట్నం రోడ్డునే తీసుకోండి. పోను పదిహేడు, పద్దెనిమిది కిలోమీటర్లు. ఎండాకాలంలో పగలు పడమటి గాడ్పు, పొద్దు వాలేసరికి సముద్రపు గాలి. ఒంగోలులో ఉండి కొత్తపట్నం వైపు పనికి పోయేవాడికి రెండుపూటలా గాలి వీపునే తోస్తుంది. అటునుంచి ఒంగోలు షాపులో పనికొచ్చేవాడికి రెండుపూటలా మొహానే కొడుతుంది. మొదటివాడికి 300 వాట్-అవర్ల లోపు చాలు. రెండోవాడు కాస్త తొక్కినా 500 దాకా కావాలి. ఒకే రోడ్డు, ఒకే దూరం, బ్యాటరీ ఖర్చులో మాత్రం సగానికి సగం తేడా. ఈ లెక్క వేయకుండా అందరికీ ఒకే కిట్టు అంటగట్టడమే మన దగ్గర జరుగుతోంది. కనిగిరి, మార్కాపురం వైపు ఎక్కుళ్ల లెక్క కూడా కలపాలి. నూరడుగులకు నాలుగడుగులు లేచే ఎక్కుడును గంటకు 15తో ఎక్కాలంటే చక్రం దగ్గరే 200 వాట్లు పైన కావాలి. అక్కడ తొక్కక తప్పదు.

వాట్ల విషయంలో చట్టం కూడా ఒక గీత గీసింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటేనే అది మోటారు వాహనం కాదు. అప్పుడే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉండాలి. 750 వాట్ల మోటారు మీద 250 అని స్టిక్కరు అంటించి అమ్మేవాళ్లున్నారు. అలాంటిది కొంటే, రేపు ఎవరికైనా తగిలినప్పుడు ఇన్సూరెన్సు లేని బండి నడిపినట్టే లెక్క.

ఇక మోటారు. చవకరకం 24 వోల్టుల బ్రష్ మోటారు, అంటే తిరిగే భాగానికి కార్బన్ ముక్కలతో (బ్రష్‌లతో) కరెంటు అందించేది. వెనక చక్రం పక్కన బిగించి, వేరే చైనుతో తిప్పుతారు. గేరు ఉన్న రకం నిమిషానికి రమారమి 300 చుట్లు తిరుగుతుంది. మోటారుకు 9 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల ఫ్రీవీల్ వేస్తే 26 అంగుళాల చక్రం గంటకు 18, 19 కిలోమీటర్లు పోతుంది. పల్లెలో ఏ వెల్డింగ్ షాపులోనైనా బిగించొచ్చు. చైను వరస రెండు మూడు మిల్లీమీటర్లు తప్పినా ఊడి స్పోకుల్లో పడుతుంది, చప్పుడెక్కువ, బ్రష్‌లు అరుగుతాయి. చేతిలో కొద్ది డబ్బే ఉంటే ఇది తప్పేమీ కాదు. కొంచెం పెట్టగలిగితే 36 వోల్టుల, లోపల గేర్లున్న హబ్ మోటారు (చక్రం నడిమధ్యన కూర్చునేది) మేలు. చార్జి అయిపోయినా సైకిలు బరువెక్కదు. గేర్లు లేని పెద్ద హబ్ మాత్రం తొక్కేటప్పుడు వెనక్కి లాగుతుంది.

ఇక్కడే పాత నల్ల సైకిలు మొరాయిస్తుంది. దాని ముందు రిమ్ముకు 32 బెజ్జాలు, వెనకదానికి 40. హబ్ మోటారుకు ఉండేవి 36. పాత రిమ్ము ఎలాగూ పనికిరాదు. పాత చక్రం సైజుదే 36 బెజ్జాల రిమ్ము, దానికి కొలత ప్రకారం కోయించిన పొట్టి స్పోకులు కొనాలి. మోటారును ముందు చక్రానికి పెడితే ఫోర్కు దాని ఇరుసుకు ఇరుకు. ఇనుప ఫోర్కు గనక 100 మిల్లీమీటర్లకు వెడల్పు చేయొచ్చు, అల్యూమినియం ఫోర్కును ముట్టుకోవద్దు. బడికొస్తా పథకంలో హైస్కూలు ఆడపిల్లలకిచ్చిన సైకిళ్లు చాలా ఇళ్లలో వసారాలో తుప్పు పడుతున్నాయి. వాటి ఫ్రేము మధ్యలో చోటుండదు కాబట్టి బ్యాటరీ క్యారియర్ కిందికి పోవాలి. బరువైన బ్యాటరీ అక్కడ పెడితే బండి ఊగుతుంది.

ఇరుసు చదును భాగాన్ని పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ చవక సరుకే. అది లేకపోతే నట్టు వదులైన రోజున ఇరుసే తిరిగి, అందులోంచి వచ్చే మూడు లావు తీగలు, అయిదు సన్న తీగలు మెలికపడి తెగుతాయి. అవి ఒకదానికొకటి తగిలితే కంట్రోలర్ కూడా పోతుంది.

బ్యాటరీలో చవక చూస్తే దగాపడతాం. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు మూడు వరసగా కలిపితే కాగితం మీద 252 వాట్-అవర్లు. ఆ 7 అనేది ఇరవై గంటల పాటు మెల్లగా తీసుకుంటేనే దక్కే లెక్క. మోటారు ఒక్కసారిగా 7 ఆంపియర్లు లాగితే చేతికొచ్చేది 150 చుట్టూ. రోజూ అడుగంటా వాడితే ఏడాది గడవడం కష్టం. బరువు ఏడు కిలోలు.

దాని బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు తీసుకోండి. 3.2 వోల్టులు, 6 ఆంపియర్-అవర్ల గుండ్రటివి 12 వరసగా కలిపితే 38.4 వోల్టులు, 230 వాట్-అవర్లు, బరువు రెండు కిలోల లోపు. కొత్తపట్నం నుంచి ఒంగోలు వచ్చేవాడికి 24 కావాలి, రెండేసి సెల్లులను పక్కపక్కన జతచేసి ఆ 12 జతలను వరసగా కలపాలి, వోల్టులు అవే ఉంటాయి. చార్జర్ 43.8 వోల్టులదే ఉండాలి. దుకాణంలో "36 వోల్టుల చార్జర్" అని ఇచ్చే 42 వోల్టులది వేరే రకం లిథియానిది, దీన్ని పూర్తిగా నింపదు. కలిపేముందు ప్రతి సెల్లు వోల్టేజీ మీటరుతో చూసి, 0.02 కంటే తేడా ఉన్నవాటిని పక్కన పెట్టాలి. పాత లాప్‌టాప్ సెల్లులు ఏరుకొచ్చి ప్యాక్ కట్టడం పొదుపు అనిపించుకోదు. అన్నిటికంటే బలహీనమైన సెల్లు ముందు కూలుతుంది, మిగతావాటినీ లాగుతుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరి ప్రాణం పోయింది. చార్జింగ్ వరండాలోనే పెట్టాలి. మే నెల ఎండలో తిరిగొచ్చాక అరగంట ఆరనిచ్చి మరీ పెట్టాలి. బ్యాటరీ ప్లస్ తీగ మీద, ప్యాక్‌కు జానెడు లోపే, 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం మరవొద్దు.

రొయ్యల గుంటల మీద, ఉప్పు కొటార్ల దగ్గర తిరిగే సైకిలుకు ఇంకో శత్రువు ఉప్పుగాలి. సెల్లులు కలిపే పట్టీలు నికెల్ అని చెప్పి నికెల్ పూత పూసిన ఇనుము అంటగడతారు. ముక్కను గీరి ఒక రాత్రి ఉప్పునీళ్లలో వేస్తే తెల్లారేసరికి బండారం తెలుస్తుంది. కనెక్టర్లలో చిలుము పడితే అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. బిగించేముందే సిలికాన్ గ్రీజు రాయాలి. కంట్రోలర్‌లోకి పోయే తీగ ఒకసారి కిందికి వంగి పైకెక్కేలా కడితే వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

బ్రేకుల మాట చాలామంది చివర్లో తలుస్తారు. కిట్టుతో వచ్చే బ్రేకు పిడులు నొక్కగానే మోటారును ఆపుతాయి. రాడ్డు బ్రేకు సైకిలుకు అవి ఎక్కవు. వాటిని పక్కన పడేసి బిగిస్తే, బ్రేకు పట్టినా మోటారు తోస్తూనే ఉంటుంది. రాడ్డుకు చిన్న అయస్కాంతం, ఫ్రేముకు దాని సెన్సర్ అతికించి ఆ రెండు తీగలను కంట్రోలర్ బ్రేకు తీగలకు కలిపితే సరిపోతుంది. మోటారు ఉన్న చక్రం నేలకు తగలకుండా బండిని నిలిపి, యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని బ్రేకు నొక్కి చూడండి. చక్రానికి కరెంటు వెంటనే ఆగకపోతే సెన్సర్‌ను రాడ్డుకు ఇంకాస్త దగ్గరికి జరపాలి.