వర్ణవ్యవస్థ గారికి, మీ రేట్ల పట్టీ గురించి

మహారాజశ్రీ వర్ణవ్యవస్థ గారి దివ్యసముఖమునకు,

లోకం మిమ్మల్ని ధర్మం అంటోంది. మనుస్మృతి తిరగేస్తే మాకు కనిపించింది మాత్రం వడ్డీ వ్యాపారి చిట్టా.

ఎనిమిదో అధ్యాయంలో లెక్క తేటగా ఉంది. నెలకు నూటికి బ్రాహ్మణుడికి 2, క్షత్రియుడికి 3, వైశ్యుడికి 4, శూద్రుడికి 5. మా ఊళ్ళ మాటల్లో చెప్పాలంటే పైవాడికి రెండు రూపాయల వడ్డీ, కిందివాడికి అయిదు రూపాయల వడ్డీ. సరే. పదో అధ్యాయానికొస్తే, చేతనైనా సరే శూద్రుడు డబ్బు కూడబెట్టకూడదన్నారు. కూడబెట్టనివ్వని వాడి దగ్గర అందరికన్నా ఎక్కువ వడ్డీ ఎలా వసూలవుతుందండీ? దానికీ జవాబు రాసే పెట్టారు. బాకీపడ్డవాడు సమానుడో తక్కువవాడో అయితే చాకిరీ చేసి తీర్చాలి, ఎక్కువవాడైతే మెల్లమెల్లగా ఇచ్చుకోవచ్చు. ఒకరికి వాయిదాలు, ఒకరికి వెట్టి. మీ లెక్కలో పొరపాటు వెతకబోయిన మాదే బుద్ధితక్కువ.

తిట్లకూ ధర కట్టారు. బ్రాహ్మణుణ్ణి క్షత్రియుడు తిడితే 100 పణాలు, శూద్రుణ్ణి బ్రాహ్మణుడు తిడితే 12. బ్రాహ్మణుణ్ణి శూద్రుడు తిడితే డబ్బుతో పోదు, ఒళ్ళు అప్పగించాలి. మైల కూడా 10, 12, 15, 30 రోజులని మెట్లు కట్టారు. పొలం దున్నేవాడికే నెల రోజుల మైల పెడితే నాట్లెవరు వేస్తారో చూసుకోలేదు. మావాళ్ళు చాలా ఇళ్ళలో పదకొండో రోజుకే పెద్దకర్మ కానిచ్చేసి చేలోకి పోయారు.

అసలు మీ నాలుగు గళ్ళ చట్రం తెలుగునేలకు అతకనేలేదు. ఇక్కడ కత్తీ, పొలమూ చాలాచోట్ల నాలుగో గడివాళ్ళ చేతుల్లోనే ఉండేవి. కొండవీటి రెడ్డిరాజులు ఆ సంగతి దాచుకోలేదు సరికదా, మేం పుట్టిన విష్ణుపాదాల దగ్గరే గంగ కూడా పుట్టిందని చాటుకున్నారు. మిమ్మల్ని అంత అందంగా దెప్పినవాళ్ళు అరుదు. అయినా మీకొచ్చిన నష్టమేముంది? గడి ఏదైనా, పాలేరు అప్పు మటుకు మీ పట్టీ ప్రకారమే పెరిగింది.

ఇక అయిదో గడి. ‘అయిదో వర్ణం లేదు’ అని పదో అధ్యాయం మొదట్లోనే తేల్చేశారు. అదే అధ్యాయంలో ఇంకాస్త ముందుకెళితే ఊరిబయట ఎవరుండాలో రాశారు. లెక్కలో లేనివాళ్ళకు ఇంత శ్రద్ధగా నివేశన స్థలం చూపించిన వ్యవస్థ మీరొక్కరే! మావాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ‘పంచములు’ అని పేరు కూడా పెట్టారు. 1917లో బెజవాడలో ఆ పేరుతోనే సభ పెడితే, అధ్యక్షత వహించిన దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ ఆ మాట చెల్లదన్నారు. పంచమ సభ ఆది ఆంధ్ర సభ అయింది. మీ పుస్తకంతోనే మిమ్మల్ని కొట్టడమంటే అదీ.

చివరగా ఒక చిన్న ఫిర్యాదు. సముద్రం దాటితే కులం పోతుందని మీ పాత షరతు. మావాళ్ళు విమానాల్లో దాటారు, మీరూ వెంటవెళ్ళారు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటెల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టులో 23 కిలోలు దాటిందని ఆవకాయ సీసా బయటికి తీయిస్తారు కదండీ, మిమ్మల్నెవరూ తూకం వేయలేదా?

ఇట్లు,
అయిదు రూపాయల వడ్డీ ఖాతాదారులు