పేజ్‌మేకర్‌ని రక్షిత కట్టడంగా ప్రకటించాలి

విజయనగరం కోటకి 1713లో పునాది వేశారు. అందుకని దానికి గౌరవం. గంటస్తంభం వెనక సందులోని డీటీపీ సెంటర్లో, అచ్చుకి పేజీలు కూర్చే 2001 నాటి సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 ఇప్పటికీ ముహూర్తాల సీజనంతా శుభలేఖలు కంటూనే ఉంది. దానికి కనీసం ఒక బోర్డయినా లేదు. ఇది అన్యాయం.

కన్నవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. అడోబి 2004లో చేతులు దులుపుకుంది. అది కాపురముంటున్న విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న నీళ్లొదిలేసింది. ఇక్కడ మాత్రం సీపీయూకి పక్క రేకు ఊడదీసి, లోపలికి టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఏటా ఆయుధపూజకి బొట్టు పెడుతున్నారు. నేను మౌస్ మీద చెయ్యి వేయబోతే ఆపరేటరు, "మాస్టారూ, ముట్టుకోకండి, అలుగుద్ది" అన్నాడు.

అసలు రహస్యం ఏమిటంటే, పేజ్‌మేకర్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. అది ఇంగ్లీషే అనుకుని కొడుతుంది. ‘అను’ అనే తెలుగు ఫాంటు ఆ ఇంగ్లీషుకి తలకట్లూ ఒత్తులూ తొడిగి పంపిస్తుంది. పిల్లలు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తున్నారని ఏడ్చే పెద్దలు తమ పెళ్లి శుభలేఖని ఒకసారి తడుముకోవాలి. కంప్యూటర్లో ఒక్కో భాష అక్షరాలకి ఒక్కో చోటు కేటాయించే యూనికోడ్ 1991లోనే తెలుగుకి సొంత ఇల్లు ఇచ్చింది. మనం ఇంకా అద్దెకే ఉంటున్నాం.

మా మేనకోడలి పెళ్లి మేటరు వాట్సాప్‌లో తీసుకెళ్లాను. అది యూనికోడ్ తెలుగు. పేజ్‌మేకర్లో పేస్టు చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. వరుడి పేరు దగ్గర ఏడు, వాళ్ల నాన్న పేరు దగ్గర పదకొండు. ఈ సంబంధం మీద మా అక్కకి మొదట్నుంచీ ఉన్న అనుమానాలన్నీ ఎవరో వరసగా అచ్చు వేసినట్టుంది. ఆపరేటరు ఫోన్ని మానిటర్‌కి ఆనించి, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు మీద, చూడకుండా, మొత్తం మళ్లీ కొట్టేశాడు. పది నిమిషాలు పట్టలేదు.

రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం కదా. ఆ సీపీయూ చుట్టూ రెండు మీటర్లయినా పెన్‌డ్రైవులు నిషేధించాలని కలెక్టరుగారికి అర్జీ రాస్తున్నాను. చేతిరాతతోనే.

చిన్న పొరపాటు ఒకటి జరిగింది. పోయిన మాఘమాసం పెళ్లి ఫైలు మీదే మాదీ కొట్టడంతో, మేనమామ స్థానంలో నా పేరు బదులు బొబ్బిలి పెద్దమనిషి ఒకాయన మిగిలిపోయాడు. కార్డులు 500 అచ్చయిపోయాయి. ఆయన్ని పెళ్లికి పిలవడానికి ఆదివారం అక్కా నేనూ బొబ్బిలి వెళ్తున్నాం.