మూడు రోజులు రాసుకోనివ్వండి

అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘం ఏటా ఉగాదికీ సంక్రాంతికీ క్రికెట్ టోర్నమెంట్‌కీ చందాలు పోగుచేస్తుంది, చక్కగా జరిపిస్తుంది. ఈసారి లేబర్ డే వీకెండ్ మూడు రోజులూ మన హాలును రైటింగ్ రిట్రీట్‌కి, అంటే పీహెచ్‌డీ రాసుకుంటున్న పిల్లలు కలిసి కూర్చుని రాసుకోవడానికి వదలమని కమిటీ వాళ్లను అడుగుతున్నాను.

రైటింగ్ రిట్రీట్ అంటే విహారయాత్ర అనుకుంటారు చాలామంది. స్కాట్లాండ్‌లో రోవెనా మర్రే నడిపిన పద్ధతి చూస్తే ఆ మాట అనరు. అందరూ ఒకే గదిలో, ఒకే టైముకు కూర్చుని గంటా గంటన్నర రాస్తారు, కాస్త ఆగి మళ్లీ రాస్తారు. ఈ పూట ఏం రాయబోతున్నారో ముందే పక్కవాళ్లకు చెప్పాలి. న్యూజీలాండ్‌లో బార్బరా గ్రాంట్ 1997 నుంచి యూనివర్సిటీల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం ఇలాంటివి నడిపారు. అక్కడే మావోరీ పరిశోధకులకు విడిగా కూడా ఉన్నాయి. విడిగా ఎందుకంటారా, నా సంగతే చెబుతాను.

పదో తరగతి దాకా తెలుగు మీడియం నేను. చెరువు నీళ్ల పంపకం మీద రాస్తున్న థీసిస్ నాలుగో చాప్టర్ దగ్గర ఏడు నెలలు ఆగిపోయాను. అడ్వైజర్ పేజీ పక్కన ‘అస్పష్టం’ అని రాసి పంపేవారు, ఏది అస్పష్టమో చెప్పేవారు కాదు. పాపకు రెండేళ్లు, ఫండింగ్‌కి అదే చివరి ఏడాది, స్టూడెంట్ వీసాకి ఆధారమైన ఐ-20 కాగితం మీద గడువు తేదీ ముంచుకొస్తోంది, ఆ టెన్షన్‌కి లాప్‌టాప్ తెరవాలంటేనే కడుపులో తిప్పేది. అప్పుడు విదేశీ విద్యార్థులకూ, తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లకూ కలిపి పెట్టిన మూడు రోజుల రిట్రీట్‌కి వెళ్లాను. ఫోన్లన్నీ తలుపు దగ్గర బుట్టలో వేయించారు. మొదటి పూట నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టేశాను.

మధ్యాహ్నం పక్కన కూర్చున్న ఘనా అమ్మాయి, ‘ఆ లాప్‌టాప్ మూసేసి, మీ అమ్మకు ఎలా చెబుతావో మీ భాషలో చెప్పు’ అంది. తనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా చెప్పాను: ‘తూము దగ్గర పొలాలున్నవాళ్ల మాటే చెల్లుతుందమ్మా, అందుకే చెరువు నిండినా ఆఖరి మడికి నీళ్లు రావు.’ అన్నాక తెలిసింది, నలభై పేజీలు తిరిగి తిరిగి నేను చెప్పాలనుకున్నది ఇంతేనని. సాయంత్రానికి రెండు పేజీలయ్యాయి, మూడో రోజుకి పదకొండు.

ఇంగ్లిష్ దిద్దిపెట్టడానికి క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ ఉంది. అక్కడ దొరకనిది, రిట్రీట్‌లో దొరికింది, తడబడినా ఎవరూ చిన్నచూపు చూడని చోటు.

ఆ రిట్రీట్‌లోనూ లేనిది ఒకటుంది, పిల్లల్ని చూసేవాళ్లు. భోజనాల టైముకు మా ఆయన పాపను పార్కింగ్ లాట్‌కి తెచ్చేవారు, కారులోనే పదిహేను నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ లోపలికి పరుగెత్తేదాన్ని. ఆయనకు సెలవు దొరక్కపోతే నేను వెళ్లేదాన్నే కాదు, అలా వెళ్లలేకపోయినవాళ్లు మన మధ్యే ఎందరో ఉన్నారు. ఆ లోటు మనం తీర్చగలం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ప్రతి వీధిలో ఉన్నారు, మనవలతో పాటు ఇంకో నలుగురు పిల్లలంటే సంతోషంగా వస్తారు. తెలుగువాళ్లకే అని గిరి గీయొద్దు, నా చాప్టర్ కదిలింది ఘనా అమ్మాయి మాటతో.

పన్నెండు కుర్చీలు, సరిపడా ప్లగ్ పాయింట్లు, పక్క గదిలో పిల్లలకు చాపలు, ఇవి చాలు. పేర్లు నేను రాసుకుంటాను, పులిహోర, పెరుగన్నం నేను చేస్తాను. హాలు తాళాలు ఇప్పించండి.