ఎన్నికలు ఆపడమే పరిష్కారమా?
విద్యార్థి సంఘాలకు ఎన్నికలు పెడితే క్యాంపస్‌లలో కొట్లాటలు పెరుగుతాయని, అందుకే నిషేధం ఉంచడమే మంచిదని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త అంటున్నారు. నేను ఒప్పుకోను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో ఆ ఎన్నికలు ఆపేశారు. అప్పట్లో హింస జరిగిన మాట నిజమే. కానీ దానికి తగిన నిబంధనలు ఎప్పుడో వచ్చాయి. విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో చెప్పడానికి వేసిన లింగ్డో కమిటీ సిఫారసులను అమలు చేయమని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. వాటి ప్రకారం అభ్యర్థి ఖర్చు 5 వేల రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, క్రిమినల్ రికార్డు ఉండకూడదు, అచ్చేసిన పోస్టర్లు వాడకూడదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. అదే నగరంలోని ఉస్మానియా విద్యార్థులకు మాత్రం ఆ అవకాశం లేదు. ఇదేం న్యాయం? నేను చదివిన కాలేజీలో హాస్టల్ నీళ్ల గురించి అడగాలన్నా భయమే. ముందుకెళ్లి మాట్లాడినవాడికి ఇంటర్నల్ మార్కుల టెన్షన్ పట్టుకునేది. అందరూ ఓటేసి ఎన్నుకున్న ప్రతినిధి ఉంటే ఆ భారం ఒక్కడి మీద పడదు. క్యాంపస్ ఎన్నికలు ఆపేసిన ఆ రోజుల్లోనే, 1989లో, దేశంలో ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించారు. ఎమ్మెల్యేని ఎన్నుకోగలిగిన పిల్లలు తమ యూనివర్సిటీలో ప్రతినిధిని ఎందుకు ఎన్నుకోకూడదో వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు.