సవరణ: కొలోసస్ తయారుచేసింది ట్యూరింగ్ కాదు

మొన్న బ్లెచ్లీ పార్క్ (రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల రహస్య సంకేతాలు ఛేదించిన బ్రిటిష్ కేంద్రం) గురించి రాస్తూ, జర్మన్ల సంకేత యంత్రం ఎనిగ్మా సందేశాలు ఛేదించడానికి గణితవేత్త అలన్ ట్యూరింగ్ కొలోసస్ కంప్యూటర్ తయారుచేశాడన్నాను. రెండు ముక్కలూ తప్పే. దాన్ని రూపొందించింది టామీ ఫ్లవర్స్. లండన్‌లో ఒక తాపీమేస్త్రీ కొడుకు, బ్రిటిష్ పోస్టాఫీసులో టెలిఫోన్ ఇంజినీరు. కొలోసస్ పనిచేసింది లోరెంజ్ అనే మరో జర్మన్ యంత్రం సంకేతాల మీద. ఎనిగ్మా కోసం ట్యూరింగ్ రూపొందించిన యంత్రం వేరు.

కొలోసస్‌లో దాదాపు 1,600 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు వాక్యూమ్ ట్యూబులు) పెడితే ఎప్పుడూ ఏదో ఒకటి మాడిపోతూనే ఉంటుందని, అది పనిచేస్తుందని పైవాళ్లు నమ్మలేదు. ఆపకుండా వెలిగించి ఉంచితే వాల్వులు అంత తొందరగా పోవని ఫ్లవర్స్‌కు ఎక్స్ఛేంజీల అనుభవంతో తెలుసు. 1944లో అది పనిలోకి దిగింది. కాగితపు టేపు మీది అక్షరాలను సెకనుకు 5,000 చొప్పున చదివేది.

రహస్యం పేరిట దశాబ్దాలపాటు ఆయన కష్టం బయటికి రాలేదు. అలాంటి మనిషి పేరు నేనూ వదిలేసినందుకు చాలా బాధగా ఉంది. ఆ పేరా మార్చాను.