వాచీ లేని పరుగును నిషేధించాలి

తెల్లారుజామున కోనసీమలో ఏ కాలువ గట్టు మీదికెళ్లినా ఈ మధ్య ఒక ఘోరం కనబడుతోంది. కొందరు చేతికి స్మార్ట్ వాచీ పెట్టుకోకుండానే పరిగెత్తేస్తున్నారు. ఎంత దూరం వెళ్లారని అడిగితే "లాకుల దాకానండి" అంటారు. లాకులు ఒక కొలతా? కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టింది, గుండె వేగం ఏ జోన్‌లో, అంటే ఏ మెట్టులో ఉంది, రాత్రి నిద్రకి ఎన్ని మార్కులొచ్చాయి, ఒక్కదానికీ జవాబుండదు. పైగా చెమటలు కక్కుతూ నవ్వుతుంటారు. బొత్తిగా ఆధారం లేని ఆనందం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా ఉత్తికాళ్లతో మారథాన్ గెలవలేదా అని వీళ్లు ఎదురడుగుతారు. గెలిచాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తి చేశాడు కూడా. కానీ ఆయన ఆ రోజు ఎన్ని కేలరీలు కరిగించాడో ఎవరైనా చెప్పగలరా? క్రీడాచరిత్రలో ఆ లోటు ఇక తీరదు.

అసలు వాచీ వల్ల మా ప్రాంతానికి జరిగే మేలు వేరే వాళ్లకి అర్థం కాదు. మాది చదును నేల. వంతెన ఎక్కితే అదే మాకు ఘాట్ రోడ్డు. అయినా దిగులు పడక్కర్లేదు. ఖరీదైన వాచీల్లో గాలి పీడనాన్ని చూసే బారోమీటర్ ఉంటుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది కాబట్టి, పీడనం తగ్గిందంటే మనిషి పైకెక్కాడని అది లెక్క కడుతుంది. పీడనం ఒక్క హెక్టోపాస్కల్ (పీడనానికి కొలత) తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు. ఇంకేం, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి పీడనం పడిపోయిందంటే మనవాడు వరిచేల మధ్య ఉండి కూడా వాచీలో కొండెక్కేస్తుంటాడు. ఈ తప్పును సరిదిద్దుకునే ఏర్పాటు కొన్ని వాచీల్లో ఉంది. డెల్టా వాసులు దాన్ని ఆపేసుకోవాలని నా మనవి.

మే నెల ఉక్కలో పాత వేగానికే గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అది చూసి మీ దమ్ము తగ్గిపోయిందని వాచీ తేల్చేస్తే టెన్షన్ పడాలి తప్ప, ఎండని తిట్టకూడదు.

వాచీ వద్దనేవాళ్ల దగ్గర గట్టి వాదన ఒక్కటే ఉంది. పక్కవాడితో హాయిగా మాట్లాడగలిగితే తేలిక పరుగు, మాట తెగుతుంటే కష్టమైన పరుగు, దీనికి యంత్రమెందుకని. టాక్ టెస్ట్ అని వ్యాయామ నిపుణులూ దీన్ని ఒప్పుకున్నారు. ఇంకెక్కడైనా పనికొస్తుందేమో గానీ, మా వైపు ఊపిరి అందకపోయినా కబురు ఆపే మనిషి లేడు. ఎదురుగా రొప్పుతూ వస్తున్న పెద్దాయన, కాలు ఆపకుండానే కొబ్బరికాయ రేటు, తమ్ముడి కూతురి సంబంధం, అల్లుడుగారి ట్రాన్స్‌ఫర్ వరసగా అప్పజెప్పి, "ఆయ్, సాయంత్రం ఇంటికి రండి, మిగతాది చెబుతాను" అని సాగిపోతాడు. ఆయన గుండె ఆ క్షణాన 180 కొట్టుకుంటోందని వాచీ చెప్పకపోతే ఎవరు చెబుతారు?