వెడ్జ్ కొనే ముందు నేలను చూడండి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్‌లో గోల్ఫ్ ఆడేవాళ్లు ఈ నాలుగైదేళ్లలో బాగా పెరిగారు. చాలా సంతోషం. కానీ మనవాళ్ల బ్యాగులు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. డ్రైవర్, అంటే దూరం కొట్టే క్లబ్, కొనాలంటే నెలల తరబడి వీడియోలు చూసి, కనిపించిన ప్రతి మనిషినీ అడిగి, నాలుగు షాపులు తిరిగి కొంటారు, అదే వెడ్జ్ (బంతిని దగ్గర నుంచి పైకి ఎత్తి కొట్టే క్లబ్) దగ్గరికొచ్చేసరికి టీవీలో ఎవరో 60 డిగ్రీలది వాడాడని అదే తెచ్చుకుంటారు. వెడ్జ్ మీద మామూలుగా రెండు అంకెలుంటాయి. మొదటిది లాఫ్ట్, అంటే ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పేది, అది అందరికీ తెలుసు. రెండోది బౌన్స్. కొనేటప్పుడు దాన్ని చూసేవాళ్లు చాలా తక్కువ. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: శని ఆదివారాల్లో ఆడే మనలాంటి వాళ్లకు ఆ రెండో అంకే ఎక్కువ ముఖ్యం, దాన్ని ఎంచుకోవాల్సింది మీరు ఆడే నేలను బట్టి, మీ చెయ్యి బంతి మీదికి దిగే తీరును బట్టి.

ఇది నాకు డల్లాస్‌లో ఇన్నేళ్లు ఆడినా సరిగా అర్థం కాలేదు. పోయిన సంక్రాంతికి తాడిపత్రి దగ్గర మా ఊరికి పోయినప్పుడు అర్థమైంది.

ఊళ్లో మూడు వారాలు ఉండాలి, చెయ్యి పట్టు పోకూడదని సూట్‌కేసులో రెండు వెడ్జులు, పాత బంతులు కొన్ని పెట్టుకుని పోయాను. ఒకటి 56 డిగ్రీలది, బౌన్స్ 14. రెండోది 58 డిగ్రీలది, బౌన్స్ 4. బుడ్డలు (వేరుశనగ) ఎప్పుడో పీకేశారు, చేను ఖాళీగా ఉంది, ఎర్రనేల ఎండి సిమెంటు గచ్చులా అయిపోయింది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, జనవరికల్లా నేల ఎలా ఉంటుందో మన సీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ గట్టి నేల మీద 56తో కొడితే వెడ్జ్ అడుగు నేలకు తగిలి పైకి ఎగిరి, దాని అంచు పోయి బంతి నడుముకు తగిలింది, బంతి మోకాలి ఎత్తున ఈటెలా దూసుకుపోయింది. పదిసార్లు కొడితే ఏడుసార్లు అంతే. 58 తీసుకుంటే మాత్రం దాని పలచటి అంచు బంతి కిందికి హాయిగా దూరింది.

సాయంత్రం పెన్నలోకి దిగాను. నీళ్లు లేని కాలం, ఎటు చూసినా ముతక ఇసుకే, బంకర్ (కోర్సులో ఉండే ఇసుక గుంట) ప్రాక్టీసుకు అంతకంటే మంచి చోటు లక్షలు పోసినా దొరకదు. అక్కడ అంతా తలకిందులైంది. పొద్దున అంత బాగా పలికిన 58 ఇసుకలో పారలా దిగబడి అక్కడే ఆగిపోయింది, బంతి రెండు అడుగులు కూడా కదల్లేదు. 56 మాత్రం ఇసుకలోకి కొంచెం దిగి, మళ్లీ పైకి లేచి, బంతిని ఇసుకతో సహా ఎత్తి అవతల పడేసింది. కొట్టేది నేనే, కొట్టే తీరూ అదే, మారింది కాళ్ల కింది నేల.

మా చిన్నాయన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. జీవితమంతా సేద్యం చేసిన మనిషి. దగ్గరికొచ్చి వెడ్జ్ అందుకుని తిరగేసి, దాని అడుగు మీద బొటనవేలు పెట్టి రుద్ది చూసి, "ఏమప్పా, అడుగున ఈ బొజ్జ ఎందుకు పెట్టినారు దీనికి?" అన్నాడు. ముందంచు కంటే వెనకంచు కిందికి ఉంటుంది, అందువల్ల ఇసుకలో లోతుకు దిగకుండా పైకి తేలుతుంది అని చెప్పాను. "అంటే గుంటక మాదిరే కదా. నేల గట్టిపడితే గుంటక పైపైన జారతాది, మీద రాయి పెడతాం. చేను మెత్తగా ఉంటే రాయి తీసేస్తాం, లేకుంటే దిగబడి ఎద్దులు లాగలేవు" అన్నాడు. గుంటక అంటే ఎద్దులు లాగే, నేలను పైపైన కోసే సేద్యపు పనిముట్టు. నేను ఎన్ని వీడియోలు చూసినా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

బౌన్స్ అంటే సరిగ్గా అదే. వెడ్జ్‌ను నేల మీద తిన్నగా నిలబెడితే దాని అడుగు భాగం నేలతో చేసే కోణం. 4 నుంచి 6 డిగ్రీలుంటే తక్కువ బౌన్స్ అంటారు, 7 నుంచి 10 మధ్యరకం, ఆ పైన 14 దాకా ఎక్కువ. గట్టి నేలకు, పొట్టి గడ్డికి తక్కువది. మెత్తటి నేలకు, తడి నేలకు, దట్టంగా ఎదిగిన గడ్డికి, లోతైన ఇసుకకు ఎక్కువది.

ఈ బొజ్జ మొదట్నుంచీ లేదు. పూర్వం ఇసుకలోంచి కొట్టడానికి పలచటి అంచున్న ఇనుప క్లబ్బులే వాడేవాళ్లు, అవి పెన్న ఇసుకలో నా 58 చేసిన పనే చేసేవి. అమెరికన్ ఆటగాడు జీన్ సారజన్ 1930ల మొదట్లో తన క్లబ్ అడుగున సీసం అతికించి, వెనక భాగం బరువుగా, కిందికి దిగేలా చేసి, దాన్ని అరగదీస్తూ కొట్టి చూస్తూ కుదుర్చుకున్నాడు. కోటీశ్వరుడు, పైలట్ హోవర్డ్ హ్యూస్‌తో విమానం ఎక్కినప్పుడు తోక కిందికి దిగితే ముక్కు పైకి లేవడం చూసి ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ మైదానంలో బ్రిటిష్ ఓపెన్ గెలిచింది ఆ క్లబ్‌తోనే. దాన్ని ఎవరైనా చూస్తే అడ్డు చెప్తారేమోనని బ్యాగులో తలకిందులుగా పెట్టుకున్నాడట. ఇవాళ మన చేతిలో ఉన్న ప్రతి శాండ్ వెడ్జ్ దాని సంతానమే. అంటే బౌన్స్ ఆట తెలియనివాళ్ల కోసం పెట్టిన ఊతకర్ర కాదు, ఒక ఛాంపియన్ ఇసుకతో పడ్డ కష్టంలోంచి పుట్టింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తక్కువ బౌన్స్ వాడితేనే మంచి ఆటగాడు అనే అపోహ మనవాళ్లలో బలంగా ఉంది.

ఇక చెయ్యి సంగతి. కొందరు బంతి మీదికి నిటారుగా, నరికినట్టు దిగుతారు, వాళ్లు కొట్టిన చోట అరచెయ్యంత మట్టిపెళ్ల లేస్తుంది. కొందరు చీపురుతో ఊడ్చినట్టు కొడతారు, గడ్డి కొంచెం నలుగుతుంది అంతే. మీరు ఏ రకమో తెలుసుకోవడానికి కోచ్ అక్కర్లేదు, కొట్టాక ఒకసారి కిందికి చూడండి చాలు. నరికేవాళ్లకు బౌన్స్ ఎక్కువ కావాలి, ఊడ్చేవాళ్లకు తక్కువ సరిపోతుంది. దీని వెనక లెక్క కూడా ఉంది. బంతికి తగిలే క్షణంలో కర్ర గ్రీన్ (బంతి పడాల్సిన గుంట ఉండే నున్నటి గడ్డి) వైపు 5 డిగ్రీలు వాలి ఉందనుకోండి, మీ వెడ్జ్ బౌన్స్‌లోంచి ఆ 5 పోయినట్టే. 12 డిగ్రీలదైతే ఇంకా 7 మిగిలింది, క్షేమం. 4 డిగ్రీలదైతే సున్నా కంటే కిందికి పోయింది, అప్పుడది వెడ్జ్ కాదు, ఉలి. చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న దెబ్బ) కొట్టేటప్పుడు చేతులు బాగా ముందుకు నెట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, వాళ్లే పోయి 4 డిగ్రీల బౌన్స్ కొంటారు, బంతికి నాలుగు అంగుళాల వెనక నేలలో గుచ్చుకుని తమ స్వింగే బాగాలేదని దిగులుపడతారు. ముఖం తెరిచి పట్టుకుంటే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, లాఫ్ట్ పెరుగుతుంది, దాంతోపాటు బౌన్స్ కూడా పెరుగుతుంది. అందుకే బంకర్‌లో ముఖం తెరవమంటారు, గట్టి నేల మీద వద్దంటారు.

డల్లాస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఒక మాట. ఇక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి, మన కర్నూలు నల్లరేగడి ఒకే జాతివి, భూసార శాస్త్రంలో రెండిటినీ వర్టిసాల్స్ అనే అంటారు. వానకు ఉబ్బి బంకలా పట్టుకుంటుంది, ఎండకు బీటలు వారి రాయవుతుంది. మన ఇళ్ల పునాదులు పగిలేది దీనివల్లే కదా. రేగడి చేను తెలిసినవాడు ఈ కోర్సులను సగం చదివేసినట్టే. వానలు పడ్డ వారంలో 4 డిగ్రీల బౌన్స్ తీసుకుని పోతే అది బురదలో దిగబడి తీరుతుంది. ఆగస్టులో అదే కోర్సులో, నీళ్లు తక్కువ పెట్టే చోట, 14 డిగ్రీలది ఎగిరెగిరి పడుతుంది. చలికాలంలో బెర్ముడా గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగాక బంతి కింద మెత్తదనమే ఉండదు. కాబట్టి మనకు అన్ని వెడ్జులూ ఒకే బౌన్స్‌వి ఉండకూడదు. శాండ్ వెడ్జ్ బౌన్స్ 10 నుంచి 12 ఉండనివ్వండి, దానికంటే లాఫ్ట్ తక్కువుండే గ్యాప్ వెడ్జ్ బౌన్స్ 8 దగ్గర ఉంటే రెండు కాలాలకూ పనికొస్తుంది. ఫ్లోరిడా ఇసుకనేలల్లో ఉన్నవాళ్లు, సియాటిల్ తడిలో ఉన్నవాళ్లు తమ లెక్క తాము వేసుకోవాలి, నేను చెప్పిన అంకెలు గుడ్డిగా తీసుకోకండి.

లాఫ్ట్ గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతోంది. ఒకప్పుడు పిచింగ్ వెడ్జ్, అంటే వెడ్జులన్నిట్లో లాఫ్ట్ తక్కువది, 48 డిగ్రీలకు అటూ ఇటూ ఉండేది. ఇప్పుడు దూరం పోవాలని కంపెనీలు ముఖాన్ని నిలువు చేస్తూ వచ్చాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ల సెట్లలో అది 43, 44కు వచ్చేసింది, కొన్నిట్లో ఇంకా తక్కువ. దాని మీద పి అనే అక్షరం తప్ప అంకె ఉండదు, కాబట్టి తెలియదు. నా పిచింగ్ వెడ్జ్ 43. దాని తర్వాత నా బ్యాగులో తిన్నగా 56 ఉండేది, మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. ఒకటి 115 గజాలు, ఇంకోటి 75 గజాలు, 95 గజాల దగ్గర నిలబడితే ప్రతిసారీ టెన్షన్, సగం బలంతో కొట్టాలా, పూర్తిగా కొట్టాలా అని. ఇప్పుడు 43, 49, 55 పెట్టుకున్నాను. ఒక వెడ్జ్‌కూ ఇంకో వెడ్జ్‌కూ మధ్య 5 లేదా 6 డిగ్రీలు ఉంటే చాలు. ముందు మీ పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో కంపెనీ వివరాల్లో చూసుకోండి, అక్కడి నుంచి మిగతా వెడ్జులకు లెక్క కట్టండి. బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదని నియమం ఉండనే ఉంది, ఉన్న చోటును సరిగా వాడుకోవాలి. ఇంకొకటి, షాపులో లాఫ్ట్ వంచి ఇస్తామంటారు, మంచిదే, కానీ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుంచుకోండి.

60 డిగ్రీలది మనలో చాలామందికి అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని పెద్ద ఆటల్లోకి తెచ్చిన తొలివాళ్లలో టామ్ కైట్ ఒకడు, నాసాలో శాస్త్రవేత్తగా పనిచేసి గోల్ఫ్‌లోకి వచ్చిన డేవ్ పెల్జ్ సలహాతో. ఆ స్థాయి వాళ్లు రోజుకు గంటల తరబడి ఆ ఒక్క క్లబ్‌తోనే గడుపుతారు. ముఖం అంత వాలి ఉన్నప్పుడు బంతికి సరిగ్గా తగలకపోతే దాని కిందనుంచి జారిపోతుంది, లేదా అంచుతో తగిలి గ్రీన్ అవతలికి పోతుంది. వారానికి ఒకసారి ఆడేవాళ్లు ముందు 55, 56తో బంతిని ఎత్తడం, దొర్లించడం రెండూ నేర్చుకోండి. అది చేతికొచ్చాక, మీ కోర్సులో లోతైన బంకర్లు నిజంగా ఉంటే, అప్పుడు 60 గురించి ఆలోచిద్దాం, అదీ బౌన్స్ 8కి తగ్గకుండా.

గ్రైండ్ అని ఒకటుంది, అడుగు భాగంలో మడమ వైపు, వెనక వైపు ఎంత చెక్కారో చెప్పేది. ఒక్కో కంపెనీ ఒక్కో అక్షరం పెడుతుంది, వాటిని బట్టీపట్టనక్కర్లేదు. ముఖం తెరిచి ఆడే అలవాటు లేకపోతే చెక్కుడు తక్కువగా, అడుగు వెడల్పుగా ఉన్నది తీసుకోండి.

చివరగా నాకు నిజంగా కోపం తెప్పించే విషయం, మ్యాట్ల మీద వెడ్జులు అమ్మడం. నా 58 అలాగే కొన్నాను, ఒక షాపులో, లోపల, ప్లాస్టిక్ మ్యాట్ మీద, ఎదురుగా తెర మీద ప్రతి బంతీ అందంగా లేచింది. మ్యాట్ మీద వెనక కొట్టినా క్లబ్ జారిపోయి బంతికి తగులుతుంది, అక్కడ బౌన్స్ పనే లేదు, కాబట్టి ఏ బౌన్స్ అయినా ఒకటే అనిపిస్తుంది. అమ్మిన అబ్బాయి నేను ఎక్కడ ఆడతానో, అక్కడి నేల ఎలాంటిదో ఒక్క మాట అడగలేదు. పెన్న ఇసుకలో ఒక్క సాయంత్రం కొట్టి చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కాబట్టి మన గోల్ఫ్ రోజు ఏర్పాట్లు చూసేవాళ్లను ఒకటి కోరుతున్నాను. బహుమతుల పక్కన ఇంకో పని పెట్టండి. ఆట మొదలవడానికి గంట ముందు, చిప్పింగ్ గ్రీన్ పక్కన, ఇంట్లో వాడకుండా పడున్న వెడ్జులు అందరూ తెచ్చి ఒకచోట పెడదాం, ఒక్కోదాని మీద లాఫ్ట్, బౌన్స్ తెలుగులో రాసి టేపు అంటిద్దాం, కొత్తవాళ్లు గడ్డి మీద ఐదు, ఇసుకలో ఐదు కొట్టి చూసుకుంటారు. నా 58, ఆ 56, రెండూ నేను తెస్తాను. నచ్చినవాళ్లు ఒక నెల ఇంటికి తీసుకుపోయి వాడి చూడొచ్చు.